అక్క నొప్పికి నవ్విన రోజు

అక్క పోయి మూడేళ్లవుతోంది. ఆమె జబ్బు గురించి ఎవరడిగినా చెబుతాను. దవాఖానలో జరిగింది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కోస్గి దగ్గర పల్లెలో అక్క రెండెకరాలు కౌలుకు చేసేది. నేను మహబూబ్‌నగర్‌లో కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ని. ఒక ఎండాకాలం, కడుపులో నొప్పి అంటూ మా ఇంటికి వస్తే దవాఖానకు తీసుకుపోయాను. డాక్టర్ గదికి ముందు వివరాలు రాసుకునే నర్సు అక్కను ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"ఏమైంది సార్ ఈమెకు?"

అక్కే చెప్పింది. "గుంటుక తోలినట్టు ఉంటది బిడ్డా. గీ పక్క మొదలైతది, గా పక్కకు పోతది. జర ఆగి మళ్ల మర్లి వస్తది."

"గుంటుకనా? ఎడ్లు గూడ ఉన్నయా అమ్మా లోపల?"

ఆ నర్సుదీ మా పాలమూరు మాటే. గుంటుక అంటే చేలో కలుపు పోవడానికి ఎడ్లతో తోలేదని ఆమెకు తెలుసు. వరుసలో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను, పెద్దగా కాదు. "కడుపునొప్పి అని రాసుకోండి, చాలు" అన్నాను. డాక్టర్ ఆ చీటీ చూసి గోలీలు రాసిచ్చాడు. లోపల అక్క నోరు విప్పలేదు.

నర్సు చులకనను అక్కడికక్కడే పోల్చుకున్నాను. మనిషి ఎదుట ఉండగా ఆమె గురించి పక్కవాళ్లను అడగడం చులకన కాక మరేమిటి? నాలోని చులకనను పోల్చుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆ నాలుగు రోజులూ "ఎట్లుందక్కా?" అంటే "మంచిగనే ఉన్న" అనేది. వంటింటి ద్వారబంధం పట్టుకుని వంగి ఉండేది, నా అడుగు వినబడగానే నిటారుగా నిలబడేది. నాకు భయం పట్టుకుంది. ఆమె తిన్నదెంతో కంచం చూసి తెలుసుకునేవాణ్ని. గోడ ఇవతల నిలబడి మూలుగు వినబడుతుందేమోనని చెవి ఒగ్గేవాణ్ని. వినబడకపోతే ఇంకా భయం వేసేది.

ఐదో రోజు చెప్పాను. "ఆ దినం నేను నవ్విన అక్కా. తప్పయింది."

ఆమె చింతచిగురు ఏరుతోంది. తలెత్తలేదు. "ఆ పిల్ల నవ్వితే ఏమైతది తమ్మీ. ఆమెకు నేనెవ్వరు."

మళ్లీ దవాఖానకు పోదామంటే లేచి కాళ్లు కడుక్కుంది.

ఈసారి డాక్టరే ఆమెకేమైందని నన్ను అడిగాడు. "ఆమెనే అడగండి" అన్నాను. ఆయన అక్క వైపు తిరిగాడు. అక్క ఆయనను చూడలేదు. నా ముఖం చూసింది, చాలాసేపు. దేనికోసం చూస్తోందో నాకు తెలుసు. నా పెదవి నవ్వుకు కొద్దిగా కదిలినా ఆమె ఇక జన్మలో చెప్పదనిపించింది. ఆమె చూస్తున్నంతసేపూ కదలకుండా కూర్చున్నాను.

"దసరా కాడికెల్లి ఉంది సార్" అంది చివరికి. "పత్తి ఏరంగ మొదలైంది."

అన్నీ చెప్పింది. రాత్రిళ్లు అన్నం మానేసిన సంగతి, దొడ్డికి పోతే నెత్తురు పడుతున్న సంగతి. ఎనిమిది నెలలు. డాక్టర్ రాయడం ఆపాడు.

"ఇన్ని నెలలు మీకు చెప్పలేదా?" అని నన్నడిగాడు.

నేను నోరు తెరిచేలోగా అక్క అందుకుంది. "తమ్మునికి ఏం తెల్వదు సార్. ఎంత అడిగినా నేనే చెప్పలే."

ఆ ఎనిమిది నెలల్లో నేను అడిగిందే లేదు. ఆ మాట నిజం కాదని నేను అనలేదు.