తెర పీకిన తేపాయెరు

మనిహికి దీవిలోని సముద్రపు మడుగు మధ్య, పగడపు దిబ్బ మీద కట్టిన ముత్యాల షెడ్డులో తేపాయెరు రోజూ పని మొదలుపెట్టే ముందు నిన్న తాను చేసిన తప్పు తోటి పనివాళ్లకు పైకి చెబుతుంది. "నిన్న మూడు ముత్యపు చిప్పల్ని మరీ వెడల్పుగా తెరిచి చంపేశాను. ఇక మీరు చెప్పండి."

ఆమె పని నేర్చుకున్న కాలంలో ఇలా ఉండేది కాదు. బతికున్న చిప్పలో సన్నని కోత పెట్టి, ఒక పూసనూ, మరో చిప్ప నుంచి తీసిన కండ ముక్కనూ ఆనించి లోపల పెడితే, ఆ పూస చుట్టూ ముత్యం పెరుగుతుంది. ఆ విద్య బయటి నుంచి వచ్చే నిపుణుడిది. అతను ఎవరూ చూడకుండా తెర కట్టుకుని కూర్చునేవాడు. తేపాయెరు ఎనిమిదేళ్లు తెర ఇవతల చిప్పలకు పట్టిన నాచు గీకింది. పారేసిన చిప్పలను ఇంటికి పట్టుకెళ్లి, కోసి చూసి, తనంతట తానే నేర్చుకుంది.

నిపుణుడు వెళ్లిపోయాక యజమాని తెరేయి ఆ కుర్చీ ఆమెకిచ్చాడు. మొదటి రోజే ఆమె తెర పీకేసి, చిప్పలు గీకే మిరియామాను కోత నేర్పడానికి పక్కన కూర్చోబెట్టుకుంది.

"గుట్టు విప్పేస్తే రేపు నీ అవసరం ఎవడికుంటుంది?" అన్నాడు తెరేయి.

"లేకపోతే చేపలు పట్టుకుంటాను. ఎనిమిదేళ్లు తెర ఇవతలే ఉండి, జీతం తీసుకున్న రోజు కూడా ఏడుపు మొహంతోనే ఇంటికెళ్లాను. ఆ బతుకు ఇంకొకరికి అంటగట్టను."

"సరే. పిల్ల నేర్చాక ఇద్దరూ కోసిన చిప్పల్ని వేరువేరు సంచుల్లో కట్టి మడుగులో వేలాడదీసి, నలభై రోజులకు విప్పుదాం. ఎవరి చిప్పలు పూసల్ని తక్కువ ఉమ్మేస్తే వాళ్లదే కుర్చీ. రెండో మనిషి నాకక్కర్లేదు."

విప్పారు. తేపాయెరు చిప్పల్లో నూటికి ముప్పై ఉమ్మేశాయి. మిరియామావి పదిహేడే.

"చూశావా? నువ్వు నేర్పిన పిల్లే నిన్ను లేపేసింది" అని తెరేయి నవ్వాడు.

తేపాయెరు అతని వైపు చూడనైనా లేదు. "ఏం చేశావే?" అని మిరియామాను అడిగింది.

"నువ్వు కోత పొడుగ్గా పెడతావక్కా. నేను పొట్టిగా పెట్టాను. ముందే చెప్దామనుకున్నా, భయమేసింది."

"నీ భయానికి నా పూసలన్నీ సంచి పాలయ్యాయి! ఇంకోసారి నోరు మూసుకున్నావో, మడుగులోకి తోసేస్తాను. కత్తి తియ్యి, చూపించు."

అక్కడే, తెరేయి ఎదుటే, ఆమె శిష్యురాలి దగ్గర కోత నేర్చుకుంది.

"మరి కుర్చీ ఎవరిది?" అని అతను అరిచాడు.

ఈసారి మిరియామా తలెత్తింది. "ఒక్కరికే పనంటే ఇద్దరం వెళ్తాం. ఈ బుట్టల్లోని రెండు వేల చిప్పలూ మీరే కోసుకోండి."

తెరేయి బుట్టల వైపు చూశాడు. మర్నాడు పడవలో రెండో కుర్చీ వచ్చింది.

తేపాయెరుకు ఇప్పుడు యాభై ఆరేళ్లు. షెడ్డులో ఆమెతో కలిపి నలుగురు కోత పెడతారు, మిగతా ముగ్గురూ ఆమె నేర్పినవాళ్లే. పనితనంలో ఆమెది మూడో స్థానం.