ఆఖరి రీల్లో పడ్డ స్లైడు

దెయ్యాలను నమ్మి ఉంటే నాకు పూట గడిచేది కాదు. కోట అనే ఊళ్లో సినిమా హాల్లో ఇరవై ఏళ్లకు పైగా ఆపరేటరుగా పనిచేశాను. తెల్లచీర దెయ్యాన్ని ఆట అయ్యాక వెనక్కి చుట్టి, డబ్బాలో పెట్టి మూతేసిన వాణ్ణి. అలాంటి నాకు కిందటి వేసవిలో, అదీ పట్టపగలు మ్యాట్నీలో, జరిగిన సంగతి ఇది. చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

కొత్త సినిమాలు దొరకని వారాల్లో మా ఓనరు పాత సస్పెన్స్ సినిమాలు తెప్పించేవాడు. ఒకే టిక్కెట్టుకు రెండు. వాకాడు నుంచి కూడా జనం సైకిళ్ల మీద వచ్చేవాళ్లు. హంతకుడెవరో తెలిసిన సినిమాకే మళ్లీ వచ్చి, తెలియనట్టు భయపడేవాళ్లు. వాళ్లందరిలోకీ ఎక్కువ పిచ్చి టైలరు కరీముది. మా పక్కిల్లే. నాకంటే చిన్నవాడు, నన్ను అన్నా అంటాడు.

అప్పట్లో ఫోన్లు లేవు. హాల్లో ఉన్న మనిషితో పని పడితే ఇంటివాళ్లు చీటీ పంపేవాళ్లు. నేను మసి పట్టించిన గాజుపలక మీద సూదితో పేరు గీకి, ఆడుతున్న బొమ్మ మీదే స్లైడు వేసేవాణ్ణి. ఆ మనిషి వంగి వంగి బయటికి పోయేవాడు. ఆఖరి రీల్లో మాత్రం స్లైడు వేయకూడదని ఓనరు ఆజ్ఞ. హంతకుడు దొరికే వేళ అడ్డం వస్తే జనం కుర్చీలు విరిచేవాళ్లు మరి.

ఒకరోజు రెండో సినిమా ఆఖరి రీలు ఎక్కించాక కరీం పేరుతో చీటీ వచ్చింది. వాళ్లక్క రాసింది. చదివి జేబులో పెట్టుకున్నాను. పది నిమిషాలే కదా అనుకున్నాను. కరీం ఇల్లు చేరేసరికి వాళ్లమ్మ పోయింది.

స్పృహ తప్పి పడిపోయిన అమ్మ మళ్లీ కళ్లు తెరవలేదని అక్క అతనితో చెప్పింది. తమ్ముడు కుమిలిపోతాడని అలా చెప్పింది. నిజం కాదని చీటీ చదివిన నాకు తెలుసు. చీటీ ఎప్పుడొచ్చిందని కరీం నన్ను అడిగితే, ఆట వదిలేటప్పుడే వచ్చిందన్నాను. నమ్మాడు. ఆ అక్క కూడా ఇప్పుడు లేదు. ఇన్నేళ్లూ సాయంత్రం ఇద్దరం ఒకే అరుగు మీద టీ తాగాం. ఒక్కరోజూ నాకు నోరు పెగల్లేదు.

కిందటి వేసవిలో, హాలు కొన్న కొత్త ఓనరు సరదాకి రెండు పాత సస్పెన్స్ సినిమాలు వేశాడు. కరీమే నన్ను లాక్కెళ్లాడు. ఇప్పుడు రీళ్లు లేవు, అంతా కంప్యూటరే. రెండో సినిమా ముగింపుకొచ్చింది. హంతకుడు తలుపు గడియ తీస్తున్నాడు. ఆ బొమ్మ మీద తెల్లటి అక్షరాలు పడ్డాయి. 'కరీం గారు వెంటనే ఇంటికి పోవలెను.'

అది నా రాత. చివర్లు కిందికి వాలే వంకర రాత, నాకు తెలియదా? పక్కకు చూస్తే కరీం అప్పటికే లేచాడు.

"పిలస్తా ఉండారన్నా, పోయొస్తా."

హాల్లో ఇంకెవరూ కదల్లేదు. ఒక్క కేక లేదు. నేను మెట్లెక్కి క్యాబిన్లోకి పోయాను. ఆపరేటరు ఫోన్ చూసుకుంటున్నాడు. "స్లైడా? అట్టాంటివి ఇప్పుడెక్కడుండాయి సార్?" అన్నాడు. బయటికొచ్చే వాళ్లలో ఐదారుగుర్ని అడిగాను. ఎవరూ చూడలేదన్నారు.

కరీం ఇంట్లో అందరూ కులాసాగానే ఉన్నారు. ఎవరూ కబురు పంపలేదు. అతను అరుగు మీద కూర్చుని నవ్వాడు.

"ఈసారన్నా టయానికి వేసినారు."

ఆ మాటకు సిగ్గుతో చచ్చిపోయాను. ఇక దాచలేక అంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను ఒక్కటే అడిగాడు.

"ఆ చీటీలో ఏం రాసుండె అన్నా?"

చెప్పక తప్పలేదు. 'అమ్మకు తెలివొచ్చింది. కరీమేడని అడగతా ఉంది. తొందరగా పంపండి.'

కరీం లేచి లోపలికి పోయాడు.

ఆ స్లైడు ఎవరు వేశారో, మా ఇద్దరికే ఎందుకు కనిపించిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అతను చూసింది కూడా నా రాతేనా అని కరీమును అడగాలని ఉంది. ఆ సాయంత్రం తర్వాత అతను నాతో మాట్లాడలేదు.