చెరువులో ఆగిన మోటారు

మొన్నటి వానలకు యాకుత్‌పురాలో మా గల్లీ నడుములోతు నీళ్లలో మునిగినప్పుడు జనాన్ని దాటించడానికి ఒక రబ్బరు పడవ వచ్చింది. మేడ మీద నిలబడ్డ నాకు పడవ కంటే ముందు దాని వెనక బిగించిన మోటారు చప్పుడు వినబడింది. వినబడగానే అరవై దాటిన నా చెయ్యి దానంతటదే గుప్పిట బిగించింది. “భాయ్, నీళ్లల్ల తిరిగే పంఖాకు కవర్లు చుట్టుకుంటయ్, మోటార్ జర పైకి లేపు!” అని నేను అరుస్తుంటే మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఇరవై రెండేళ్ల వయసులో నేను మీర్ ఆలం చెరువు మీద షికారు పడవ నడిపాను. దబీర్‌పురాలో మాది పాడి ఇల్లు. పెద్దకొడుకుగా బర్రెల కొట్టం నేనే చూసుకోవాలని బాపు పట్టుదల, నాకేమో ఇంజన్ల పిచ్చి. అఫ్జల్‌గంజ్‌లో ఒక షెడ్డులో స్కూటర్లు బాగుచేస్తున్నప్పుడు, మోటారు రిపేరుకు తెచ్చిన పడవల ఉస్తాద్ నా పనితనం చూసి ముచ్చటపడి తన వెంట తీసుకుపోయాడు.

పడవ మోటారుకు స్టీరింగు ఉండదు, వెనక కూర్చుని పిడి పట్టుకోవాలి, ఆ పిడి ఎడమకు తోస్తే పడవ కుడికి తిరుగుతుంది; మొదటి నాలుగు రోజులు నాకు రోడ్డు మీద నడిచేటప్పుడు కూడా కుడిఎడమలు తారుమారయ్యేవి. తాడు లాగి స్టార్టు చేసి, గేరు వేసి, పిడి మెల్లగా తిప్పుతూ రేసు పెంచుతుంటే పడవ ముక్కు పైకి లేచేది, కాసేపటికి నీటి మీద సర్దుకుని వెన్నలా జారిపోయేది, అప్పుడు నా గుండె కూడా దానితోపాటే లేచి జారేది. ఉస్తాద్ మాత్రం రోజూ ఒకటే చెప్పేవాడు: “బేటా, ముంగట ఒక కన్ను, ఎన్క ఒక కన్ను. ఇంజన్‌ను సల్లబరిచిన నీళ్లు మోటార్ల నుంచి ధారగా పడుతున్నంతసేపు ఫికర్ లేదు. ధార ఆగిందా, ఎంటనే బంద్ చెయ్. లేకుంటే ఇంజన్ కాలిపోతది.”

ఒక ఆదివారం సాయంత్రం అమ్మనూ చెల్లెనూ వెంటబెట్టుకుని బాపు చెరువు దగ్గరికి వచ్చాడు, షికారుకు కాదు, నన్ను తీసుకుపోవడానికి.

“గిదేం కొలువురా? నీళ్ల మీద తిరుగుడు గూడ పనేనా? రేపటి సంది కొట్టంల ఉండాలె,” అన్నాడు.

ఉస్తాద్ అడ్డుపడ్డాడు. “అన్నా, తిట్టేది తర్వాత తిడుదువు. ముందుగాల నీ కొడుకు నడుపుడు చూడు.” ముగ్గురినీ ఎక్కించి తాను గట్టు మీదే ఆగిపోయాడు. అంతకుముందెప్పుడూ నేను ఒంటరిగా నడపలేదు.

చెల్లె కేకలు పెడుతోంది, అమ్మ నీళ్లలో చెయ్యి ముంచి మురిసిపోతోంది, బాపు మాత్రం బల్లను రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మెప్పు కోసం రేసు ఇంకాస్త పెంచి కట్ట పక్కగా గుర్రపుడెక్కను రాసుకుంటూ తిప్పాను. వెనక్కి చూస్తే ధార లేదు!

వెంటనే ఇంజన్ ఆపేశాను. గాలి మమ్మల్ని కట్ట రాళ్ల వైపు తోయసాగింది. చెల్లెకు తెడ్డు ఇచ్చి, రాళ్లు దగ్గరికొస్తే అడ్డం పెట్టమని చెప్పి, మోటారును నీళ్లలోంచి పైకెత్తాను. పంఖా చుట్టూ గుర్రపుడెక్క వేళ్లు, వాటితో కలిసి నీళ్లు లోపలికి పీల్చుకునే రంధ్రాలను మూసేస్తూ ఒక ప్లాస్టిక్ సంచి. నేను బలంగా లాగుతున్నకొద్దీ అది ఇంకా బిగుసుకుంది.

అప్పటిదాకా బల్ల వదలని బాపు పాకుతూ నా పక్కకు వచ్చాడు. “గట్ల గుంజితే రాదురా. గడ్డిమోపు కట్టు ఇప్పినట్టు ఇప్పాలె, ఇటు తే,” అని ఒక్కొక్క వేరునూ వెనక్కి తిప్పుతూ నిమిషంలో మొత్తం ఊడదీశాడు. మోటారు దించి తాడు లాగాను, అందుకోలేదు. మళ్లీ లాగాను, దగ్గి ఆగింది. చెల్లె తెడ్డు రాళ్లకు తగిలిన చప్పుడు వినబడుతుండగా మూడోసారి ఒళ్లంతా వేసి లాగితే ఒక్క గర్జనతో అందుకుంది. చుక్కలు చుక్కలుగా మొదలై ధార సన్నగా దూకగానే, “పడుతుంది బాపూ, పడుతుంది!” అని కేక వేశాను. ఒళ్లంతా తడిసిన బాపు పకపకా నవ్వాడు. నాకు ఊహ తెలిసినప్పటినుంచి ఆయన అలా నవ్వగా చూడలేదు.

ఒడ్డుకు తిప్పబోతే, “ఏందిరా అప్పుడే? ఇంకో చక్కర్ కొట్టు,” అన్నాడు. దిగాక ఉస్తాద్‌తో, “పొద్దుగాల పాలు పిండినంక పంపిస్త అన్నా, నీ దగ్గరనే ఉండనియ్,” అని ఒక్క మాట చెప్పి, నా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

బాపు, ఉస్తాద్ ఇద్దరూ ఇప్పుడు లేరు. దబీర్‌పురాలో మా కొట్టం ఉన్నచోట దుకాణాలు లేచాయి. మా అబ్బాయి ఊరి ఆ చివర ఏదో పెద్ద ఆఫీసులో చేస్తాడు. ఏం పనిరా అంటే ఓపిగ్గానే చెబుతాడు, నాకే అర్థం కాదు. బాపు నా పడవెక్కి చూసినట్టు నేనూ ఒకసారి వచ్చి చూస్తానన్నాను. “కార్డు లేంది లోపలికి రానియ్యరు బాపూ,” అన్నాడు. అయినా ఉండబట్టలేక ఒకరోజు ఆ గేటు దాకా పోయి, ఆ అద్దాల మేడను కింది నుంచి పైదాకా చూసి వచ్చాను. వాడు ఏ అంతస్తులో కూర్చుంటాడో తెలియలేదు.