ఒక్కసారి మోగితే క్షేమం

పోయిన వారం మా వదిన కరీంనగర్‌లోని మా ఇంట్లో కన్నుమూసింది. రిటైరైన నర్సు. చివరి ఏళ్లలో ఆమె పనిచేసిన సంస్థ సంతాపసభ పెట్టి ఆమెను ‘డిజిటల్ సేవామూర్తి’ అంది. బతికుండగా వాళ్ల మీటింగుల్లో ఆమెకు కుర్చీ వేసిన పాపాన పోలేదు. ముందు వరుసలో కూర్చొని అంతా విన్నాను. చప్పట్లు కొట్టలేదు.

కరీంనగర్ బస్టాండులో, మంచిర్యాల స్టేషన్‌లో, ఇల్లూవాకిలీ లేక పడుకునే ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు ఆ సంస్థ చిన్న ఫోన్లిచ్చింది. మత్తు కోసం ఒకరి సూది ఒకరు పొడుచుకోవద్దని, పంక్చర్ సొల్యూషన్ పీల్చొద్దని రోజూ మెసేజీలు పంపాలి. తెలుగు లెక్చరర్‌గా రిటైరైన వాణ్ని కదా, నన్ను రాయమన్నారు. ‘మాదకద్రవ్య సేవనం మృత్యుహేతువు’ అని రాశాను. వదిన చూసి పడీ పడీ నవ్వింది.

“మరిదీ, గిది చూస్తే సూదికి కాదు, నీకు భయపడి ఉరుకుతరు. వాళ్లల్ల సగం మందికి చదువే రాదాయె.”

“మరి నువ్వేం రాస్తవు?”

“నేనేం రాయ. తిన్నవా అని అడుగుత.”

సంస్థ మెసేజీలు పంపుతూనే ఉంది. వదిన మాత్రం మిస్డ్ కాల్ పద్ధతి పెట్టింది. సాయంత్రం ఆరు దాటాక ఒక్కసారి మోగించి పెట్టేస్తే క్షేమమని. వెంటవెంటనే రెండుసార్లు మోగితే మనసు సూది వైపు లాగుతోందని. అప్పుడు పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా సరే, తిరిగి ఫోన్ చేసేది. మొదటి మాట ఎప్పుడూ “తిన్నవా?” అనే. ఎక్కడున్నావు, పక్కన ఎవరున్నారు అన్నవి ఆ తర్వాతే. ఫోన్‌లో వాళ్ల పేర్లు కూడా ఆమె పెట్టినవే: ‘ఇడ్లీ’, ‘చాయ్‌ల చక్కెర’, ‘మందమర్రి పొడుగు’.

నర్సమ్మకు వేరే పని లేదని మా బంధువులు అనేవారు. నేనూ అన్నాను.

రెండేళ్ల కింద కంటి ఆపరేషన్‌కు పోతూ ఫోన్ నా చేతిలో పెట్టింది. “జర చూసుకో” అంది. ఆరు దాటాక ‘మందమర్రి పొడుగు’ మోగింది. ఆగింది. మళ్లీ మోగింది. నేను పుస్తకంలో మునిగి ఉన్నాను, మనుషుల దుఃఖం గురించిన పుస్తకమే. మాట్లాడదలచినవాడు మాట్లాడాలి గానీ మోగించి పెట్టేయడమేమిటి, అంత అవసరమైతే వాడే చేస్తాడు అనుకొని పేజీ తిప్పాను.

ఆ సాయంత్రం అతను ఇంకొకడి సూది పొడుచుకున్నాడు. కొన్నాళ్లకు ఆ సూది తెచ్చిన కాలేయం జబ్బు బయటపడింది. ఆసుపత్రిలో వదిన అతని పక్కన కూర్చుంటే నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అతను నా వైపు చూశాడు. “సార్, నేను రెండుసార్లు కొట్టిన” అన్నాడు.

వదిన తిట్టలేదు. తిడితే బాగుండేది. తిట్లకు జవాబు చెప్పడం నాకు వచ్చు. ఇంటికొచ్చాక మాత్రం ఒక్క మాట అంది: “మోగినప్పుడు మాట్లాడాలె మరిదీ. ఎవల తప్పన్నది తర్వాత చూసుకోవచ్చు.”

జీవితమంతా ఇతరుల తప్పులు ఎత్తిచూపుతూ రాశాను. నా తప్పు రాయడం ఇదే మొదటిసారి.

సంతాపసభ అయ్యాక సంస్థ మనిషి వదిన ఫోన్‌లోని సిమ్ అడిగాడు. “మేడమ్ లేదు గద సార్, ఇగ మిషనే జవాబిస్తది.”

“రెండుసార్లు మోగితే మిషన్ ఏమంటది?”

“మీ కాల్‌కు ధన్యవాదాలు అంటది సార్.”

సిమ్ ఇవ్వలేదు. కావాలంటే కేసు పెట్టుకొమ్మన్నాను.

నిన్న సాయంత్రం ఫోన్‌ను ఆమె ఫొటో ముందు పెట్టి కూర్చున్నాను. ఆమె పోయిందని ఆ పిల్లలకు తెలుసు. పాడె వెనక చివరిదాకా నడిచారు. మావాళ్లు వాకిట్లోకి రానివ్వలేదు. అయినా ఆరు దాటగానే ‘ఇడ్లీ’ ఒక్కసారి మోగింది. ‘చాయ్‌ల చక్కెర’ ఒక్కసారి. తెర వెలిగినప్పుడల్లా ఆ వెలుగు ఫొటోలో ఆమె ముఖం మీద పడి ఆరిపోతోంది.

‘మందమర్రి పొడుగు’ మోగింది. ఆగింది.

మళ్లీ మోగింది.

తిరిగి ఫోన్ చేశాను. అతను ఎత్తాడు. చదివినవేవీ నోటికి రాలేదు.

“తిన్నవా?” అన్నాను.

“తినలే సార్” అన్నాడు.

“ఏడున్నవు? ఆడనే ఉండు, వస్తున్న, పెట్టేయకు” అంటూ, ఫోన్ చెవికి ఆనించుకునే చెప్పుల కోసం గుమ్మం దగ్గరికి వెళ్లాను. నా చెప్పులు వదిన చెప్పుల పక్కన ఉన్నాయి. ఆమెవి వీధి వైపు తిరిగి ఉన్నాయి.