ముత్యాన్ని నాకు అప్పగించిన టీచర్

పొద్దున్నే కిటికీ తీస్తే మిరప ఘాటు లోపలికొచ్చింది. వీధి చివర ఖాళీ స్థలంలో ఎవరో కాయలు ఆరబోసినట్టున్నారు. ఎండాకాలం మొదలయ్యే ముందు పిడుగురాళ్లలో గాలి ఇలాగే ఉంటుంది. ఒక పక్క సున్నపు బట్టీల పొగ, ఇంకో పక్క ఈ ఘాటు. ముక్కు మండి, కళ్ళలో నీళ్ళు తిరిగి, చేస్తున్న పని వదిలేసి కాసేపు నిలబడిపోయాను. ఇలాంటి రోజుల్లోనే రహీమా టీచర్ కొంగుతో ముక్కు మూసుకుని మా గుమ్మంలోకి వచ్చి, "సునీతా, నీతో ఒక పని పడిందమ్మాయ్. కాదనకూడదు" అన్నారు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ గురించి రాయాలని నాకు తోచలేదు. రోజూ గోడ మీదుగా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకునే మనిషి గురించి ఎవరైనా ఎందుకు రాస్తారు?

రహీమా టీచర్ ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. గొంతు పెద్దది. కూరగాయల బండి అతను "నీల్లు చల్లానమ్మా, తాజాగా ఉన్నాయి" అంటే చాలు, "నీళ్ళు అనరా, నోరేమైనా అరిగిపోతుందా?" అని వీధంతా వినపడేలా దిద్దేవారు. అంత గొంతున్న మనిషి ఒక్క పిల్లి దగ్గర మాత్రం గుసగుసలాడేవారు. దాని పేరు ముత్యం. బట్టీల వైపు ఎవరింటికో వెళ్ళి వస్తూంటే, మూతపడిన ఒక బట్టీ గోడ పక్కన దొరికిందట. ఒళ్ళంతా సున్నం, ఒక చెవి కొస కాలిపోయి ఉంది. దాన్ని ఎవరేం చేశారో తెలియదు. మనిషి అలికిడి వింటే చాలు, బీరువా కిందకి దూరిపోయేది. టీచర్ దగ్గరికి తప్ప ఎవరి దగ్గరికీ వచ్చేది కాదు. పక్కింట్లో అన్నేళ్ళున్న నేను చూసింది దాని తోక మాత్రమే.

ఆ రోజు టీచర్ మా వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుని విషయం చెప్పారు. కడుపులో గడ్డ మళ్ళీ పెరిగింది. గుంటూరు డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నారు. పొన్నూరులో బియ్యం వ్యాపారం చేసే తమ్ముడు ఖలీల్ గారు తన ఇంటికి తీసుకెళ్తానంటున్నారు.

"మా మరదలికి ఉబ్బసం. పిల్లిని తీసుకెళ్ళడం కుదరదు. ముత్యాన్ని నువ్వు ఉంచుకోవాలి."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నా ఏడుపు తగ్గేదాకా ఊరుకుని, "తర్వాత ఏడుద్దువుగాని. ముందు పండు సంగతి చూడాలి" అన్నారు. పండు మా పిల్లి. ఎర్రగా, బొద్దుగా ఉంటాడు. ఇల్లంతా తన జాగీరు అనుకునే రకం. ఇంకో పిల్లి గోడెక్కినా ఊరుకోడు.

రెండు రోజుల తర్వాత ముత్యాన్ని బుట్టలో పెట్టి, పైన తన పాత చీర కప్పి తెచ్చారు. బియ్యం బస్తాలుండే మా వెనక గదిని ముందే ఖాళీ చేయించారు. మూలన ఒక చెక్కపెట్టెను పక్కకి వాల్చి గుహలా పెట్టించారు. చీర అందులో పరిచారు. నీళ్ళ గిన్నె, ఇసుక తొట్టి సర్దారు. బుట్ట మూత తీసి, ముత్యం ముఖం వైపు చూడకుండానే బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశారు. ఆ తర్వాత మళ్ళీ ఆ గదిలో అడుగుపెట్టలేదు.

"మీరు రోజూ వచ్చి కాసేపు కూర్చుంటే దానికి త్వరగా అలవాటవుతుంది కదా టీచర్" అన్నాను.

"నా దగ్గరుండడం దానికి వచ్చమ్మా. నీ దగ్గరుండడం రావాలి."

నన్ను నేల మీద, పక్కకి తిరిగి కూర్చోమన్నారు. కళ్ళలోకి చూడొద్దన్నారు. చెయ్యి చాచొద్దు, పిలవొద్దు, పేపరు తీసుకుని చిన్నగా చదవమన్నారు. నేను కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పనిచేస్తాను. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఖాళీగా కనిపించే పెట్టెకి మిరప ధరలు చదివి వినిపించేదాన్ని. నాకే నవ్వొచ్చేది. పెట్టెలోంచి చప్పుడుండేది కాదు. నేను వెళ్ళిపోయాక ఎప్పుడో తినేది. టీచర్ మాత్రం రోజూ వచ్చి మా వరండాలో కూర్చునేవారు. తన గొంతు లోపలికి వినపడకూడదని, నోరు తెరిస్తే వీధి వినాల్సిన మనిషి, నా చెవి దగ్గరికి వంగి మాట్లాడేవారు.

ఒక సాయంత్రం మాత్రం మర్చిపోయారు. పాలవాడు గేటు దగ్గర నిలబడితే, "సునీతా, పాలు!" అని ఎప్పటిలాగే కేక వేశారు. అంతే, వెనక గదిలోంచి ముత్యం అరుపు వినిపించింది. అది అరవగా నేను వినడం అదే మొదటిసారి. తలుపు దాకా వచ్చి చెక్కని గీరుతూ, ఆగి ఆగి పిలుస్తోంది. టీచర్ కళ్ళు మూసుకున్నారు. కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు.

"ఒక్కసారి వెళ్ళండి టీచర్" అన్నాను. నాకే ఆ గీరుడు వినలేనట్టుగా ఉంది.

"వెళ్తే నాకు బాగుంటుంది" అన్నారు మెల్లగా. లోపల చప్పుడు ఆగేదాకా అలాగే కూర్చుని, ఆగాక లేచి గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళారు. ప్రేమించిన దానికోసం పరిగెత్తడమే ప్రేమ అనుకుంటూ పెరిగినదాన్ని. కదలకుండా కూర్చోవడం అంత కష్టమని అప్పుడే తెలిసింది.

ముత్యం నెమ్మదిగా పెట్టె అంచుకి వచ్చింది. నేనుండగానే తినడం మొదలుపెట్టింది. ఒకరోజు నా చీర చెంగు వాసన చూసి వెళ్ళింది. అది చెప్తే టీచర్ పసిపిల్లలా చప్పట్లు కొట్టబోయి, గుర్తొచ్చి చేతులు దించేశారు. ఇక పండు వంతు వచ్చింది. ముత్యం పడుకున్న గుడ్డని పండు గిన్నె కింద, పండు పడుకున్న గుడ్డని ముత్యం గిన్నె కింద పరచమన్నారు టీచర్. పండు మొదట బుస కొట్టి అన్నం ముట్టకుండా వెళ్ళిపోయాడు. ఆకలి వేశాక తిరిగొచ్చి తిన్నాడు. తర్వాత మూసిన తలుపుకి అటొక గిన్నె, ఇటొక గిన్నె. "ముందు పండుకి పెట్టు. ముందు వాణ్ణే ముద్దు చెయ్యి. ఇల్లు వాడిది, పోయిందనుకోకూడదు" అనేవారు టీచర్.

అప్పటికే ఆవిడ బాగా చిక్కిపోయారు. ఖలీల్ గారు ఫోన్ చేసినప్పుడల్లా, "ఇంకో వారం ఆగరా" అనేవారు. నొప్పి వచ్చినప్పుడు మా మధ్య గోడ మీదకి వంగి కాసేపు అలాగే ఉండిపోయేవారు. అది చూస్తూ ఉండలేక మా ఆయన చంద్రం ఒక ఆదివారం తలుపు తీసేశాడు. "రెండూ పక్కపక్కనే తింటున్నాయిగా, ఇంకేంటి? ఆవిడ ఎన్నాళ్ళని ఆగుద్ది?" అన్నాడు. మంచి మనసుతోనే తీశాడు. పండు ఒక్క దూకు దూకాడు. నేను పరిగెత్తుకుని వెళ్ళేసరికి ముత్యం ముక్కు మీంచి రక్తం కారుతోంది. గదిలో తిరిగి చేర్చిన బస్తాల వెనక్కి దూరి ఆ రోజంతా బయటికి రాలేదు. మర్నాడు కూడా తినలేదు.

టీచర్‌కి చెప్పడానికి నాకు నోరు రాలేదు. చంద్రమే వెళ్ళి గోడ దగ్గర తల దించుకుని చెప్పాడు. ఆవిడ కోప్పడితే బాగుండుననిపించింది. "సరేలే బాబూ. నీకు చేతిపని వచ్చుగా, ఆ గదికి జాలీ తలుపొకటి బిగించు. ఒకళ్ళనొకళ్ళు చూసుకోనిద్దాం" అన్నారు.

"మళ్ళీ మొదట్నుంచా టీచర్? మీకు టైమ్..." అని ఆగిపోయాను.

"తొందర నాది సునీతా. దానికేం తెలుసు?"

ఆ మాట అన్నప్పుడు ఆవిడ ముఖం నాకింకా కనిపిస్తూనే ఉంటుంది. ఉన్న కొద్ది రోజుల్ని ఆవిడ ఒక పిల్లి భయానికి ఇచ్చేశారు. ఇచ్చినట్టు ఒక్కసారి కూడా చూపించుకోలేదు. చంద్రం తను పనిచేసే మిల్లుకి సెలవు పెట్టి జాలీ తలుపు బిగించాడు. నేను మళ్ళీ పేపరు పట్టుకుని నేల మీద కూర్చున్నాను. పండు మొదట జాలీ ముందు కాపలా కాశాడు. తర్వాత విసుగొచ్చి అక్కడే పడుకున్నాడు. ఒక మధ్యాహ్నం ముత్యం జాలీకి వీపు ఆనించి, ఇవతలున్న పండుకి అంగుళం దూరంలో నిద్రపోయింది. ఆ కబురు విని టీచర్, "వీపు చూపించిందా? అయితే ఇక తలుపు తీయొచ్చు" అన్నారు. ఆ రాత్రే ఖలీల్ గారికి ఫోన్ చేసి రమ్మన్నారు.

కారొచ్చిన రోజు పొద్దున, "ఇప్పుడైనా లోపలికి రండి" అని బతిమాలాను. వచ్చారు. హాల్లో బల్ల కింద పండు పడుకుని ఉన్నాడు. వాడికి మూరెడు దూరంలో ముత్యం కాళ్ళు నాకుకుంటోంది. టీచర్ గోడ పట్టుకుని గుమ్మం దగ్గర కూలబడ్డారు. పిలవలేదు. ముత్యం తలెత్తి చూసింది. లేచి వచ్చి ఆవిడ వేళ్ళు వాసన చూసింది, అరచేతికి తల రుద్దింది. కాసేపటికి అది వెనక్కి తిరిగి, వెళ్ళి పండు పక్కన పడుకుంది.

"వెళ్ళిపోయింది చూశావా" అన్నారు టీచర్. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది. "మంచి పిల్ల."

పొన్నూరు వెళ్ళాక రోజూ ఫోన్లో అడిగేవారు. అంతా బాగుందని చెప్పబోతే, "నిజం చెప్పు" అనేవారు. పండు నిన్న తరిమాడని, ముత్యం చుట్టాలొస్తే పెట్టెలో దూరిందని చెప్పేదాన్ని. "దూరనీలే" అనేవారు. ఆ గొంతు రోజురోజుకీ సన్నబడింది. ఒకరోజు ఫోన్లో ఖలీల్ గారి గొంతు వినిపించింది. ఆయన చెప్పకముందే నాకు అర్థమైంది.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక ఖలీల్ గారు టీచర్ ఇల్లు సర్దడానికి వచ్చి, మా ఇంటికీ వచ్చారు. పెద్ద మనిషి. గుమ్మంలో నిలబడి మొహమాటంగా, "అక్క పిల్లిని ఒకసారి చూసి వెళ్దామని..." అన్నారు. కొత్త అడుగుల చప్పుడుకి ముత్యం అప్పటికే వెనక గదిలో పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆయన కళ్ళు చూస్తే నా మనసు కరిగిపోయింది. అక్క చేతులు నిమిరిన ప్రాణిని ఒక్కసారి నిమిరి వెళ్ళాలని పొన్నూరు నుంచి వచ్చారు. పెట్టెలో చెయ్యి పెట్టి ముత్యాన్ని తీయడం నాకిప్పుడు కష్టం కాదు. నన్ను గీరదు కూడా.

తీయలేదు. "బయటికి రాదండి. లోపలే ఉంది. కూర్చోండి, టీ పెడతాను" అన్నాను.

ఆయన గది గుమ్మం దగ్గరే నేల మీద కూర్చున్నారు, నేనేమీ చెప్పకుండానే పక్కకి తిరిగి. టీ తాగారు. లేచేటప్పుడు చీకటిగా ఉన్న పెట్టె వైపు ఒకసారి చూసి, "ఉందిగా లోపల. చాల్లేమ్మా" అని చెప్పులేసుకున్నారు.