బుధవారాల జనం

మా స్కీ కొండ ఇక తెరవరట అని నాకు మొదట చెప్పింది రూతమ్మ ఆంటీ, కెనడాలోని సర్రీలో, మా చర్చి మెట్ల మీద. "అయ్యో" అన్నాను. ఆ తర్వాత అనాల్సిన మాట ఆరేళ్లుగా అననే లేదు. ప్రార్థన చేసే మీకు చెప్పుకుంటాను.

నేను బడికి పోలేదు. నాన్న ఇంట్లోనే కీర్తనల పుస్తకంతో చదువు చెప్పాడు. అలాంటి నాకు ఈ దేశంలో పని దొరికింది, దేవునికి స్తోత్రం. కొండ కింద, మనుషుల్ని కుర్చీల్లో పైకి మోసే లిఫ్టు దగ్గర నిలబడి, మనిషి వచ్చినప్పుడల్లా చేతిలోని చిన్న లెక్క యంత్రం, అదే కౌంటర్, మీట ఒకసారి నొక్కడం. అంతే పని.

బుధవారాలు ఎవరూ పెద్దగా వచ్చేవారు కాదు. అంతా పొగమంచు. ఖాళీ లిఫ్టు కుర్చీలు, ఒక్కోదాంట్లో ఇంత మంచు కూర్చుని, చప్పుడు లేకుండా పైకి పోతుండేవి. వాటిని చూస్తూ వెయ్యి స్తోత్రాలు చెప్పుకునేదాన్ని. వెలుగుకు స్తోత్రం, ఊపిరికి స్తోత్రం. లెక్క తప్పకుండా అదే కౌంటర్ నొక్కేదాన్ని. ఒకరోజు స్తోత్రాలయ్యాక దాన్ని సున్నాకు తిప్పడం మరిచిపోయాను, అవీ జనం లెక్కలో కలిసిపోయాయి. అంకె చూసి మేనేజరు ఎంత మురిసిపోయాడో. మంచు తగ్గి వానలు పెరిగి, చుట్టుపక్కల కొండలన్నిటికీ ఏటేటా జనం తగ్గుతున్న కాలం. ఆఫీసు గోడమీది కాగితంలో మా గీత ఒక్కటే పైకి లేచింది. తర్వాతి బుధవారం నేను మరిచిపోలేదు. కావాలనే తిప్పలేదు. ఆ చలికాలమంతా తిప్పలేదు.

దానియేలు అన్నయ్యది కాకినాడ. శనివారాలు మా దగ్గర లిఫ్టు నడిపేవాడు, మిగతా రోజులు సిటీ బస్సు.

"ఏం చెల్లెమ్మా, మా శనివారం వాళ్లని బుధవారానికి లాగేసుకుంటున్నావంట?" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నన్ను పర్మనెంట్‌గా రమ్మంటున్నారు. బస్సు వదిలేయమంటావా? లెక్కపెట్టేది నువ్వే కదా."

"వస్తున్నారన్నయ్యా. అంతా దేవుని కృప."

అబద్ధానికి దేవుని పేరు పెట్టాను. ఎందుకు? అన్నయ్య ముఖంలో వెలుగు ఆర్పలేకనా? చాలా ఏళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. కాదు. నా ఉద్యోగం పోతుందని.

అన్నయ్య బస్సు వదిలేశాడు. రెండు చలికాలాలకే కొండ మూతపడింది. బస్సు ఉద్యోగం మళ్లీ దొరకలేదు. ఇప్పుడు ఎక్కడో దూరాన సార్నియాలో ఒక ప్లాంటు గేటు దగ్గర కాపలా, ఒంటరిగా. వదిన, పిల్లలు ఇక్కడే. క్రిస్మస్‌కి ఫోన్ చేసి, ప్రార్థన చెయ్యి చెల్లెమ్మా అంటాడు. చేస్తాను. చేస్తుంటే నా బొటనవేలు దానంతటదే కదులుతుంది, లేని మీటను నొక్కుతూ.

ఆయనకింకా చెప్పలేదు. మొదట మీకే. ఇది రాస్తున్నంతసేపూ వేలు కదల్లేదు, అంతమట్టుకు స్తోత్రం.

మీరు మోకరించినప్పుడు నన్ను వదిలేయండి. దానియేలు అన్నయ్యను తలుచుకోండి.