బస్తా మూతి ఎటువైపు

మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో ఉన్న విత్తనాల కంపెనీలో శివమ్మ 1991లో పనికి కుదిరింది. మొదటిరోజు ఆమె చేతికి ఒక చేట ఇచ్చారు. రావల్కోల్ నుంచి పొద్దున మొదటి బస్సుకు వచ్చి, మొక్కజొన్న గింజల్లో పుచ్చులు ఏరి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోయేది. చదువు రెండో తరగతి. అంకెలు వచ్చు, ఇంగ్లీషు రాదు. జ్ఞాపకం మాత్రం గట్టిది. ఓసారి ఒక లాటు, అంటే ఒకే పొలం నుంచి వచ్చిన బస్తాలు, ఎక్కడుందో దొరక్క నలుగురు గుమాస్తాలు గోదామంతా తిరుగుతుంటే, చేట ఆపకుండా, తల ఎత్తకుండా, "ఎడమ గోడకు మూడో వరస. తడిసిన తాటిపత్రి కప్పుకొని వచ్చిందే గది," అన్నది. అక్కడే ఉంది. ఆ ఏడాదే ఆమెను గోదాము మేస్త్రీని చేశారు. తాళాల గుత్తి నడుముకు దోపుకొని ఇరవై మంది హమాలీల మధ్య తిరగడం మొదలుపెట్టింది.

ఆ గోదాములో ఒక పద్ధతి ఉండేది. దాన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. పెద్ద హమాలీ గండయ్య మాత్రం తానే పెట్టానంటాడు. పొలాల నుంచి కొత్తగా వచ్చిన బస్తాలను మూతి గోడవైపు ఉండేలా పేర్చాలి. ల్యాబులో మొలక పరీక్ష అయి, నూటికి తొంభై గింజలు మొలిస్తే ఆ లాటు పాసైనట్టు. అప్పుడు పై వరస బస్తాలను మూతి ఇవతలికి తిప్పాలి. తప్పిందనుకోండి, పై బస్తాలను అడ్డంగా పడుకోబెట్టాలి. అంతే. అక్షరం రాని మనిషి కూడా తలుపు దగ్గర నిలబడి ఏ లాటు ప్యాకింగుకు పోవాలో, ఏది ఆగాలో, ఏది వాపసు పోవాలో ఒక్క చూపులో చెప్పేయొచ్చు.

శివమ్మకు యంత్రాలంటే భయం లేదు. 1996లో బస్తాలు కుట్టే మిషను వచ్చినప్పుడు దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్ కింద బాసింపట్టు వేసుక్కూర్చుని, "అమ్మా, నువ్వు మూతి ఏ చేత్తో పట్టుకుంటవు?" అని అడిగాడు. "ఎడమ చేత్తోని," అన్నది. మిషనును అటువైపు తిప్పి బిగించాడు. మూడు రోజుల్లో అందరూ సూదీ దారం మరిచిపోయారు. దాన్నెవరూ పెద్ద మార్పు అనుకోలేదు కూడా.

2002 మే నెలలో కంప్యూటర్ వచ్చింది. మేనేజర్ వెంకటేశ్వరరావు మంచివాడే, కాకపోతే తొందర మనిషి. మృగశిర కార్తె రాకముందే విత్తనాలు ఊళ్లకు చేరాలి. గోదాముకు ఊపిరాడని నెల అది. సరిగ్గా ఆ నెలలోనే మొదలుపెట్టాడు. యాప్రాల్ నుంచి స్కూటర్ మీద వచ్చే అరుణ్ అనే కుర్ర ఇంజినీరు ప్రోగ్రామ్ రాశాడు. ఆఫీసులో కూర్చుని రాశాడు. గోదాములోకి వచ్చింది రెండేసార్లు, అందులో ఒకసారి మంచినీళ్ల కోసం.

శిక్షణ ఒక గంట. సమోసాలు, చాయ్. పద్నాలుగంగుళాల తెర చుట్టూ ఇరవై మంది హమాలీలు మూగారు. వెనకవాళ్లకు ముందువాళ్ల వీపులు తప్ప ఏమీ కనపడలేదు.

"ఇందుల మక్కలు ఏడున్నయ్ బిడ్డా?" అన్నాడు గండయ్య, మొక్కజొన్నల కోసం తెరలో వెతుకుతూ.

"మక్కలు ఉండవు తాతా, మక్కల లెక్క ఉంటది. ఇగ మీరేం గుర్తుపెట్టుకోనక్కర్లేదు. అన్నీ కంప్యూటరే చూసుకుంటది," అన్నాడు అరుణ్.

కొత్త నియమం ఒకటే. ప్రతి బస్తా మూతి దగ్గర చీటీ కుట్టాలి. ఆ చీటీలు చదువుతూ అరుణ్ కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి కాబట్టి మూతులన్నీ బయటికే ఉండాలి. హమాలీలు రెండు రోజులు చెమటోడ్చి గోదాములోని బస్తాలన్నిటినీ తిప్పారు. మూడో రోజుకు గోదాము పెళ్లికి ముస్తాబైనట్టు, మూతులన్నీ ఇటే చూస్తూ, ముచ్చటగా ఉంది.

గండయ్య తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ శివమ్మ పక్కన నిలబడ్డాడు. "చెల్లె, గిట్లయితె పాసైందేది, కానిదేది ఎట్ల ఎరుకైతది?"

"కంప్యూటర్‌కు ఎరుకుంటదన్నా. గంత చదువుకున్నోళ్లు చేసింది, గీ ముచ్చట తెల్వకుంటదా?"

ఆమె ఆ మాట మనసారా నమ్మే అన్నది.

ప్యాకింగుకు ఏ బస్తాలు తేవాలో కంప్యూటర్ ఇంకో చీటీ మీద వరస నంబరు వేసి ఇచ్చేది. 'ఆరో వరస' అని వస్తే ఆరో వరసకు పోవాలి. కానీ గోదాములో ఒక వరసలో ఒకే లాటు ఎప్పుడూ లేదు. ఖాళీ కనపడితే హమాలీలు అక్కడ ఇంకో లాటు సర్దుతారు, లేకపోతే చోటు చాలదు. ఇదివరకు మూతి చూసి తీసేవాళ్లు. ఇప్పుడు అన్ని మూతులూ ఒకవైపే. బస్తాకు కుట్టిన చీటీ మీదేమో చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. దాంతో గండయ్య ఆఫీసుకు మనిషిని పంపడం, అరుణ్ వచ్చి చదివి చెప్పడం, ఈలోగా ప్యాకింగు హాలులో మిషన్లు ఆగిపోవడం. రెండు వారాలు ఇదే తంతు. గేటు బయట లారీ డ్రైవర్లు పేకాట మొదలుపెట్టారు.

వెంకటేశ్వరరావు శివమ్మను పిలిపించాడు.

"శివమ్మా, నిజం చెప్పు. నీకు ఈ కంప్యూటర్ అంటే ఇష్టం లేదు కదా?"

"నాకెందుకు ఇష్టం లేదు సార్? అది నన్నేమన్న అన్నదా?"

"మీవాళ్లు కావాలని ఆలస్యం చేస్తున్నారు. అయిదు నిమిషాల పనికి అరగంట."

"సదువరాక సార్. అరుణ్ సార్ వచ్చి..."

"చాలు. కంప్యూటర్ వచ్చాక మేస్త్రీతో పనేముంది? సోమవారం నుంచి నువ్వు ప్యాకింగు హాలుకు వెళ్లు." చెయ్యి చాపాడు.

శివమ్మ నడుము నుంచి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టింది. ఎన్నేళ్లుగానో అక్కడ ఉన్న బరువు పోయేసరికి మెట్లు దిగుతుంటే చీర కుచ్చిళ్లు జారుతున్నట్టనిపించి రెండుసార్లు సర్దుకుంది. పుచ్చులు ఏరే చోటికి కాకపోయినా, దాని పక్క గదికే మళ్లీ వచ్చిపడింది. సంచి మూతి పట్టుకోవడం, మిషను కుట్టడం, పక్కకు నెట్టడం. పక్కనున్న ఆడవాళ్లు మొదటిరోజు ఆమెతో మాట్లాడడానికి మొహమాటపడ్డారు. రెండోరోజు మానేశారు. మొహమాటం, మాట్లాడడం కాదు.

గురువారం మధ్యాహ్నం ఆరో వరస బస్తాలు బండి మీద వచ్చాయి. అరుణ్ కోసం ఆగొద్దని, చీటీలో ఏ వరస ఉంటే అది తెచ్చేయమని మేనేజర్ ముందురోజే హుకుం వేశాడు. పెద్ద బస్తాలు విప్పి అయిదు కిలోల సంచుల్లో పోసి కుట్టేయడమే తరువాయి. ఒకసారి పోశాక ఏ గింజ ఏ పొలానిదో ఎవరూ చెప్పలేరు.

శివమ్మ చెయ్యి ఊరికే బస్తా పొట్ట మీద తిరిగింది. అలవాటు. మొలక పరీక్షకు ల్యాబువాళ్లు ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీస్తారు. అయిదు బస్తాలకు ఒక దాంట్లో గుచ్చుతారు. గుచ్చిన చోట గోనెపోగులు విచ్చుకుని చిన్న కన్ను మిగులుతుంది. దీనికి లేదు. రెండో బస్తాకు లేదు. లేచి వెళ్లి బండి చుట్టూ తిరిగి పన్నెండు బస్తాలు తడిమింది. ఒక్క కన్నూ లేదు.

"అన్నా, ఆపు. ఇది పాసైన లాటు కాదు."

గండయ్య బిత్తరపోయాడు. "చీటీల ఆరో వరసే ఉన్నది చెల్లె. సారు ఆపద్దన్నడు. నిన్న గూడ మస్తు తిట్టిండు."

"ఆరో వరసల రెండు లాట్లు పడ్డట్టున్నయి. నువ్వు ముందలున్నది గుంజుకొచ్చినవ్."

"ఇప్పుడు నువ్వు మేస్త్రీవి కాదు గద..." గండయ్య గొంతు తగ్గించాడు.

"కాదు. గందుకే తాళం ఎయ్యలేను." అని శివమ్మ బస్తా మీదికెక్కి కూర్చుంది. "గిట్ల కూసుంటె ఎట్ల ఇప్పుతరో ఇప్పుండ్రి."

మిషన్లు ఆగాయి. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. పది నిమిషాల్లో మేనేజర్ వచ్చాడు, వెనకాలే అరుణ్.

"దిగు కిందికి! ఏంటీ వేషాలు? సీజన్లో మిషన్లు ఆపుతావా?"

"సుశీలమ్మను పిలవండ్రి సార్. నేను తప్పయితె రేపటి సంది గేటు లోపలికి రాను."

అన్నాక ఆమెకే అనుమానం వచ్చింది. గుచ్చిన బస్తాలన్నీ బండి అడుగున పడి ఉంటే?

ల్యాబులో పనిచేసే సుశీల రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చింది. బస్తా చీటీ మీది నంబరు చూసింది, పేజీలు తిప్పింది. "ఇది సోమవారం దిగిన లాటు సార్. నేనింకా శాంపిలే తియ్యలేదు."

వెంకటేశ్వరరావు పక్కనున్న బస్తా మీద నెమ్మదిగా కూర్చున్నాడు.

"నీకెట్లా తెలిసింది?"

శివమ్మ చెప్పింది. కన్ను సంగతి, ఆ తర్వాత మూతుల సంగతి. గోడవైపు, ఇవతలివైపు, అడ్డం.

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు సార్. కంప్యూటర్‌కు అన్నీ ఎరుకనే అని గీ పిలగాడే చెప్పె."

అరుణ్ తన బూట్ల వైపు శ్రద్ధగా చూసుకోసాగాడు.

మర్నాడు మేనేజర్ గోదాములో ఒక బస్తా మీద కూర్చున్నాడు. మూడు రోజులు అక్కడే ఉన్నాడు. మొదటిరోజు హమాలీలు బిగుసుకుపోయి పనిచేశారు. రెండోరోజు గండయ్య ఆయన కాళ్ల మీదుగా బస్తా వేయబోతూ "జరుగు సార్, జల్దీ," అన్నాడు. మూడోరోజు ఆయనే లేచి జరగడం నేర్చుకున్నాడు. ఎవరు దేనికోసం ఆగుతున్నారో, ఎవర్ని ఏమడుగుతున్నారో పక్కన కూర్చున్న అరుణ్ చేత రాయించాడు. చివరికి, సీజన్ అయ్యేదాకా ఆరో వరస ఒక్కటే కంప్యూటర్లో ఉంటుందని, మిగతా గోదాము పాత పద్ధతిలోనే నడుస్తుందని చెప్పాడు. అక్కడ కుదిరాకే ఏడో వరస. మూతి ఎటున్నా కనపడేలా చీటీని అడుగు అంచుకూ మూతికీ రెండు చోట్లా కుట్టాలన్నది గండయ్య మాట. అంకెలు అరచేతంత పెద్దవిగా ఉండాలన్నది శివమ్మ మాట. రెండూ ఒప్పుకున్నారు.

తాళాల గుత్తి ఇవ్వడానికి మేనేజర్ స్వయంగా ప్యాకింగు హాలుకు వచ్చాడు. శివమ్మ చేతుల్లో సంచి ఉంది.

"పొద్దుగూకినంక తీసుకుంట సార్. ఇప్పుడొదిలిపెడితె మిషన్ కాడ మనిషి లేదు."

ఆయన గుత్తి పట్టుకుని అప్పటిదాకా నిలబడలేదు గానీ, సాయంత్రం బస్సు వేళకు మళ్లీ వచ్చాడు. ఆ ఆగిన లాటు పరీక్షలో నూటికి డెబ్బై ఒకటే మొలిచాయని సుశీల ఆ తర్వాతి వారం చెప్పింది. శివమ్మ గోదాములోకి వెళ్లి పై బస్తాలను అడ్డంగా పడుకోబెట్టించింది.

మరుసటి ఏడాదికి గోదామంతా కంప్యూటర్లోకి ఎక్కింది. 2006లో బెంగళూరు నుంచి పెద్దవాళ్లు తనిఖీకి వచ్చి తెర మీద ఒక గడి చూసి ఆగిపోయారు. దాని పేరు 'మూతి'. అందులో లోపల, బయట, అడ్డం అని మూడే మాటలు. ఇదేమిటని అడిగారు. వెంకటేశ్వరరావు వివరించబోయి మానుకుని, "గోదాములోకి పదండి, శివమ్మ చూపిస్తుంది," అన్నాడు.

శివమ్మ వాళ్లను తలుపు దగ్గర నిలబెట్టింది. "ఇక్కడికెల్లి సూడుండ్రి," అన్నది. "అడగాల్సిన పని లేదు."